శబ్దం లేని తొమ్మిది సెకన్లు

దయ్యాల మాట ఎత్తితే నాకు ఇప్పటికీ చిరాకే. పామిడిలో మా నాయన దర్జీ. మా అమ్మకు ప్రతిదీ దిష్టి, లేకపోతే గాలి. నాకు జ్వరమొస్తే మాత్ర మింగించాక దర్గాకు కూడా తీసుకుపోయి తాయెత్తు కట్టించేది. ఇంటికి రాగానే నేను దాన్ని తెంపి నాయన దారపు కండెల డబ్బాలో పడేసేదాన్ని. "జ్వరం తగ్గింది మాత్రతో, నీ తాయెత్తుతో కాదు" అని అమ్మ మొహం మీదే అనేదాన్ని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి, ఒకప్పుడు నేనూ నవ్వినదాన్నే.

2002లో అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో టైపింగ్ పనికి చేరాను. అప్పుడే వాళ్లు ఒక కొత్త పని తలపెట్టారు. మెట్ట సేద్యం బాగా తెలిసిన పాతకాలపు రైతుల మాటలు వీడియో తీసి సీడీలో పెట్టాలి. తెరమీద చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేట్టు బొమ్మలుంటాయి. మబ్బు బొమ్మ నొక్కితే వాన ఆలస్యమైతే ఏం విత్తాలో ఆ రైతే చెప్తాడు. గింజ బొమ్మ నొక్కితే విత్తనం ఎట్లా దాచుకోవాలో చెప్తాడు. ఇంటరాక్టివ్ సీడీ అనేవాళ్లు దాన్ని. కీబోర్డు మీద చెయ్యి తిరిగిందాన్ని కదా అని ఎడిటింగ్ నన్ను నేర్చుకోమన్నారు.

నేర్పింది రమణ సార్. అంతకుముందు ఆయన ఊళ్లో పెళ్లి వీడియోలు తీసేవాడు. కంప్యూటర్ మీద ఎడిటింగ్ బెంగళూరు పోయి నేర్చుకొచ్చాడు. కెమెరాకూ కంప్యూటర్‌కూ వైరు కలిపి, టేపు గంట ఉంటే గంటసేపూ కూర్చుని లోపలికి ఎక్కించుకోవాలి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి. ఎక్కాక మాటమాటకూ కత్తిరించాలి. దగ్గులు, తడబాట్లు, మాటకూ మాటకూ మధ్య ఖాళీలు అన్నీ తీసేయాలి. నెల తిరిగేసరికి నాకు చెయ్యి కుదిరింది. నిజం చెప్పొద్దూ, కాస్త పొగరు కూడా వచ్చింది.

మేం వీడియో తీసిన రైతు పేరు సంజప్ప. తనకల్లు దాటాక ఒక పల్లె ఆయనది. డెబ్బై ఏళ్లుంటాయి. అరుగు మీద గొంతుక్కూర్చుని, కెమెరా ఉందన్న ధ్యాసే లేకుండా గలగలా మాట్లాడాడు. సార్ కెమెరా పట్టుకున్నాడు, ప్రశ్నలు నేను అడిగాను. పద్నాలుగు ప్రశ్నలకు పద్నాలుగు జవాబులూ బాగా వచ్చాయి. చివర్లో ఊరికే, మాటవరసకు "పిల్లలెంతమంది పెద్దాయనా?" అన్నాను.

"ఒగ కొడుకు" అన్నాడు.

అని ఆగిపోయాడు. నా వైపు చూడకుండా కిందికి చూశాడు. మెల్లగా తలెత్తి నేరుగా కెమెరాలోకి చూశాడు. ఇంకేమైనా అంటాడేమోనని సార్ కెమెరా ఆపలేదు. ఆయన ఏమీ అనలేదు.

ఆ టేపు మొత్తంలో సంజప్ప నోరు మూసుకుని కూర్చున్నది ఆ కాసేపే. మాకు కావలసింది కూడా అదే అయింది. ఇలాంటి సీడీల్లో ఒక పద్ధతి ఉంది. ఒక జవాబు అయ్యాక ఇంకో బొమ్మ నొక్కేవరకు తెరమీద మనిషి ఊరికే కూర్చుని ఎదురుచూస్తూ ఉండాలి. కాసింత ముక్క తీసి, అయిపోగానే మళ్లీ మొదటినుంచి వచ్చేట్టు తిప్పుతారు. "చూసేవాడు నొక్కేదాంక మనిషి ఆడ కూచోనే ఉండాల షమీమ్. తెర నల్లగయితే మనిషి సచ్చిపోయినట్ల ఉంటాది" అని సార్ చెప్పాడు.

ఆ మౌనంలోంచి తొమ్మిది సెకన్లు కత్తిరించాను. వెనకాల ఎక్కడో మేకపిల్ల అరిచిన శబ్దం ఉంది. తొమ్మిది సెకన్లకోసారి అదే మేక, అదే అరుపు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ ముక్కలో శబ్దం మొత్తం తీసేసి, బొమ్మ మాత్రమే ఉన్న ఫైలుగా దాచాను. తీసేసింది నేనే, ఈ చేత్తోనే. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

రెండు నెలలకు సంజప్ప పోయాడు. గుండెనొప్పట. మా సంస్థలో ఊళ్లు తిరిగే కార్యకర్త వచ్చి చెప్పాడు. అయ్యో పాపం అనుకున్నాం, పనిలో పడిపోయాం.

వేసవిలో ఒక రోజు మధ్యాహ్నం, సార్ భోజనానికి ఇంటికి పోయిన వేళ, ఒకామె వచ్చింది. నలభైకి దగ్గర్లో ఉంటుంది. చెప్పులు గుమ్మం బయటే విడిచింది. పేరు లక్ష్మీదేవి అంది, బత్తలపల్లె బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్ముకుంటానంది.

"మా నాయన ఈడ ఉండాడంట కదమ్మా" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆమె సంజప్ప కూతురు. ఆయన లేదనుకున్న కూతురు.

పదకొండేళ్ల కిందట ఆమె మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చింది. వాడు కొట్టేవాడు. తిరిగి పొమ్మన్నాడు నాయన. పోనంది ఈమె. మాటా మాటా పెరిగింది. నా గడప తొక్కొద్దు అన్నాడు ఆయన. నువ్వు పిలిస్తే తప్ప రాను, నువ్వు మాట్లాడితే తప్ప మాట్లాడను అంది ఈమె. అంతే, ఇద్దరి మధ్య మాటలు పోయాయి. మా వైపు ఇది కొత్తేం కాదు. ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్లు ఓడినట్టు. ఒకసారి కదిరి బస్సులో ఆమె ముందు సీట్లోనే ఆయన కూర్చున్నాడట. గంటన్నర ప్రయాణం. ఆయన మెడ మీది మడతలు చూస్తూ కూర్చుందట గానీ "నాయనా" అనలేదట. ఆయనా వెనక్కి తిరగలేదు.

ఆయన పోయినప్పుడు ఆమె అన్న కబురు కూడా పంపలేదు. నాయన మాట్లాడని మనిషితో మాకేం మాటలు అన్నాడట. ఎవరి ద్వారానో తెలిసి ఈమె పరిగెత్తేసరికి మట్టి చేసేశారు. కడసారి మొహం కూడా దక్కలేదు.

మా కార్యకర్త ఆమె దగ్గర ఇడ్లీ తింటూ, మీ నాయన కంప్యూటర్లో ఉన్నాడు, అడిగితే జవాబు చెప్తాడు అన్నాడట. ఆమె దాన్ని ఉన్నదున్నట్టుగా నమ్మి వచ్చింది.

"ఏమడిగినా చెప్తాడా పాపా?"

"లేదక్కా, మేం పెట్టిన పద్నాలుగు ప్రశ్నలకే. అన్నీ సేద్యం గురించే" అన్నాను. ఆమె మొహం వాడిపోయింది. అయినా చూస్తానంది. కూర్చోబెట్టి, మౌస్ మీద చెయ్యి పెట్టించి, నొక్కడం చూపించాను.

గింజ బొమ్మ నొక్కింది. సంజప్ప మాట్లాడాడు. కొర్రలు వేపాకుతో ఎట్లా దాచాలో, ఎండ ఎంత తగలాలో చెప్పాడు. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. జవాబు అయిపోయింది. ఆ తొమ్మిది సెకన్లు మొదలయ్యాయి. ఆయన కిందికి చూశాడు. తలెత్తి ఆమెను చూశాడు. మళ్లీ కిందికి చూశాడు. మళ్లీ తలెత్తాడు.

ఆమె ఇంకో బొమ్మ నొక్కలేదు. ఎంతసేపు అట్లా చూస్తూ కూర్చుందో చెప్పలేను, పదిసార్లయినా తిరిగి ఉంటుంది ఆ ముక్క. ఆపేద్దామా అనుకుంటున్నాను. అప్పుడు ఆమె, వంటింట్లోంచి పలకరించినట్టు, మామూలుగా అడిగింది.

"బువ్వ తిన్యావా నాయనా?"

"తింటి. నీదయిందా?"

స్పీకర్లలోంచే వచ్చింది. కొర్రల గురించి చెప్పిన గొంతే. అదే జీర, అదే నిదానం.

"ఇంగా లేదు నాయనా" అని ఆమె బల్ల మీద తల పెట్టుకుని బోరున ఏడ్చింది.

తెరమీద ఆయన పెదాలు కదిలాయా అని చాలామంది అడుగుతారని తెలుసు. నేను చూడలేదు. ఆ సమయంలో నేను ఆమెనే చూస్తున్నాను. తెర వైపు తిరిగేసరికి ఆయన నోరు మూసుకుని కిందికి చూస్తున్నాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

ఆమె తలెత్తి నన్ను చూసింది. "విన్యావా పాపా?" అంది.

"లేదక్కా" అన్నాను.

ఎందుకు అట్లా అన్నాను? భయమేసింది. భయం కంటే ఎక్కువ, సిగ్గేసింది. తాయెత్తులు తెంపి పారేసినదాన్ని, అందరికీ తర్కాలు చెప్పేదాన్ని, విన్నానంటే నేనేమైపోతాను? ఆమె కళ్లు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఆ ఫైలు తెరిచి చూశాను. తొమ్మిది సెకన్లు. శబ్దం లేదు. శబ్దం తగ్గించి ఉండటం కాదు, ఆ ఫైలులో శబ్దం అనే భాగమే లేదు. పద్నాలుగు జవాబులూ మొదటినుంచి చివరిదాకా విన్నాను, పొరపాటున ఏదైనా ముక్క మధ్యలో మోగిందేమోనని. అసలు టేపు రెండుసార్లు విన్నాను. తినడం గురించి ఒక్క మాటా లేదు. మౌనం ఉన్న చోట మేకపిల్ల అరుపు తప్ప ఏమీ లేదు. సార్‌కు అసలు సంగతి చెప్పకుండా, శబ్దం తీసేసిన ఫైలులోంచి శబ్దం వచ్చే వీలుందా అని మాత్రం అడిగాను. "తలకాయ లేనోడు తల దువ్వుకుంటాడా?" అని నవ్వాడు.

వారం తిరక్కుండా సంజప్ప కొడుకు నారాయణప్ప వచ్చాడు. కండువా చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. సార్ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు.

"మా చెల్లెలు ఏందేందో చెప్తాండాదమ్మా. నాయన దానితో మాట్లాడినాడంట. నువ్వు ఆడనే ఉండావంట. నిజమా?" అన్నాడు. మళ్లీ ఆయనే, "నాయన మాట్లాడినాడంటే మాకేమి అడ్డం తల్లీ? మేమూ మాట్లాడతాము. నాయన ఏటి దినానికి ఇంటికి పిలుచుకుంటాము. నాకు మాత్రం ఇంగెవురుండారు?" అన్నాడు. ఆ మనిషి నా నోట్లోంచి అవునన్న మాట వినడానికే అంత దూరం వచ్చాడని గుడ్డివాళ్లకైనా తెలుస్తుంది.

సార్ తలెత్తి నన్ను చూస్తున్నాడు.

"ఆ ఫైల్లో సౌండే లేదన్నా" అన్నాను.

అబద్ధం కాదు కదా! అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నారాయణప్ప "సరేమ్మా" అని కండువా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

సీడీ పూర్తయింది, రైతులకు చూపించారు, మెచ్చుకున్నారు. మూడేళ్లకు నాకు బెంగళూరులో ఎడిటింగ్ ఉద్యోగం దొరికింది. వెళ్లేముందు ఒకరోజు పనిగట్టుకుని బస్సెక్కి బత్తలపల్లెలో దిగాను. బస్టాండు పక్కన ఆమె పిండి కలుపుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టి, పీట జరిపింది.

"అక్కా, ఆ రోజు నేనూ విన్నాను" అన్నాను. వాక్యం బయటికి వచ్చేసరికి ఏడుపొచ్చేసింది.

ఆమె చెయ్యి ఆగలేదు. "తెలుసు పాపా. నీ మొగం సూస్తే తెలీదా? అందుకే మా యన్నకు కబురు చేసి నీకాడికి పంపిస్తి. నా మాట నమ్మకపోయినా చదువుకున్న పిల్ల, నీ మాట నమ్ముతాడనుకుంటి" అంది.

ఇప్పుడైనా పోయి మీ అన్నకు చెప్తానక్కా అన్నాను.

"వద్దులేమ్మా. అప్పుడు లేదన్యావు. ఇప్పుడు ఉండాదంటే, నేనే నీకు నేర్పించి పంపినా అంటాడు."

కోపం లేదు ఆమె గొంతులో. కోప్పడి తిట్టి ఉంటే బాగుండేది. అయినా నేను నారాయణప్ప ఊరికి పోయాను. తలుపుకు తాళం వేసి ఉంది. పంటలు పోయి, ఇంటిల్లిపాదీ కేరళ వైపు పనులకు పోయారని పక్కింటావిడ చెప్పింది. ఎక్కడికని ఆమెకూ తెలియదు. తర్వాత ఆ ఇంటి చిరునామాకే రెండుసార్లు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు.

ఇన్నేళ్లుగా ఎడిటింగే నా బతుకు. ఎన్ని వేల ముక్కలు కత్తిరించానో లెక్కలేదు. శబ్దం ఎక్కడ దాక్కుంటుందో, ఎక్కడినుంచి ఎక్కడికి జారిపడుతుందో నాకు తెలిసినంత తక్కువమందికి తెలుసు. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఇప్పటికీ తెలియదు. తెలియదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు కూడా లేదు. ఆ రోజు నారాయణప్ప కండువా నలుపుకుంటూ నా ముందు నిలబడినప్పుడు ఈ మాటే చెప్పి ఉండాల్సింది: విన్నానన్నా, ఎట్లాగో నాకు తెలీదు.