అన్నం ఉడికేంత సేపు

మస్నియా అత్తకి రోజూ తెల్లవారుజామున ఒకటే కల. అందులో ఆమె పాత ఇల్లు నడిచిపోతూ ఉండేది. తొందరేమీ లేదు. సంతకు బయలుదేరిన పెద్దమనిషిలా కొబ్బరితోటల మధ్యనుంచి మెల్లగా కిందికి సాగేది. కిటికీలో ఆమె భర్త లాహాబు నిలబడి ఉండేవాడు. అత్త గట్టు మీదనుంచి చూస్తూ ఉండేది. చెయ్యి ఊపేది కాదు, పిలిచేదీ కాదు. ఇల్లు మలుపు తిరిగేది, ఆమెకు మెలకువ వచ్చేది. పొద్దున్నే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ ఆ కల మాకు చెప్పేది. మేం "అయ్యో పాపం" అనేవాళ్ళం.

కల అంటున్నాను గానీ అందులో అబద్ధం లేదు. ఇండోనేషియాలోని మా పాలూ ఊళ్ళో భూమి కదిలిన ఆ సాయంత్రం మా పేట నిజంగానే నడిచింది. నేల జావలా అయిపోయి ఇళ్ళనీ చెట్లనీ మోసుకుపోయింది. మా మామిడిచెట్టు ఇప్పుడు ఎవరి పొలంలో కాస్తోందో నాకు తెలియదు. అత్త ఆ వేళ బావి దగ్గరుంది కాబట్టి బతికింది. లాహాబు దొరకలేదు. మనిషి పోయి రెండేళ్ళు దాటినా అత్త అతని గురించి ఇంట్లో ఉన్నవాడి గురించి మాట్లాడినట్టే మాట్లాడేది. "మా ఆయనకి మాడువాసన పడదు" అనేది, పొయ్యి మీద గిన్నె వంక చూస్తూ. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఒక్కసారే అన్నం మాడిందట. ఇక్కడికి వచ్చాక ఒక్కసారీ మాడలేదు. ఎంత గొప్ప ప్రేమో అని మా ఆడవాళ్ళు ముచ్చటపడేవారు.

మిగిలినవాళ్ళకి ప్రభుత్వం వరస గదులు కట్టించింది. వరసకు పన్నెండు గదులు, చివర రెండు స్నానాల గదులు, రెండు దొడ్లు. గోడలు చెక్క పలకలు. మూడో గదిలో తుమ్మితే ఐదో గదిలోంచి దీవెన వచ్చేది. నాది రెండో గది. మస్నియా అత్తది పన్నెండోది, స్నానాల గదుల పక్కన. వాటి తాళాలు ఆమె లుంగీలా చుట్టుకునే సరోంగు ముడిలో ఉండేవి. ఎవరు ఏ వేళకి తాళం అడిగారు, ఎవరు తడిగుడ్డని ఇంకో గుడ్డ కింద దాచి ఆరేశారు, అన్నీ ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పదు. ఎడమ మణికట్టు కాస్త వంకర. ఎప్పుడో బావి దగ్గర జారిపడ్డానని చెప్పేది. అందుకని బకెట్లు మేమే మోసేవాళ్ళం.

ఇక నా సంగతి. నా పేరు తస్రిఫ్. నిరాశ్రయులకి సాయం చేసే ఒక చిన్న సంస్థలో గుమాస్తాని. కాగితాలు రాస్తాను, సబ్బులు పంచుతాను, నోరు పారేసుకుంటాను. ఈ మూడో పనికి జీతం లేదు గానీ దానివల్లే ఈ కథ నడిచింది.

అంతకుముందు ఏడాది ఒక సర్వే జరిగింది. శుభ్రత ఎలా ఉంది, ఆడవాళ్ళ మీద దెబ్బలు ఎంతవరకూ ఉన్నాయి, రెండూ ఒకే కాగితం మీద. సబ్బు గురించి ఆరు ప్రశ్నలు, చెంపదెబ్బ గురించి పదిహేడు. కొట్టలేదు అంటే ఆ పదిహేడూ అక్కర్లేదు, పావుగంటలో అయిపోతుంది. కొట్టాడు అంటే ముప్పావుగంట. మా ఊళ్ళో పరాయి మనిషి వస్తే తలుపు మూయరు, మర్యాద కాదు. గడపలోనే చాప వేస్తారు. చాప ఎంతసేపు పరిచి ఉందో వరసంతా చూస్తుంది.

ఆ రోజు నేను కాఫీ కొట్టు దగ్గర కూర్చుని టైములు రాసుకుంటున్నాను. ఏడో గది ముందు చాప ఎంతకీ లేవలేదు. నాకు విసుగొచ్చి, "ఏడో గదిలో రెండాటల సినిమా ఆడుతున్నట్టుంది" అన్నాను. అందరూ నవ్వారు. ఏడో గది రుస్లీ కూడా అక్కడే ఉన్నాడు. నవ్వలేదు. కాఫీ సగంలో వదిలేసి వెళ్ళాడు. ఆ రాత్రి గోడల్లోంచి ఏం వినబడాలో అదే వినబడింది. నేను పక్కకి తిరిగి పడుకున్నాను. తెల్లారి కుళాయి దగ్గర అతని పెళ్ళాం ఇర్దా ముసుగు కళ్ళదాకా లాక్కుని వచ్చింది. మస్నియా అత్త తాళం తీసి ఆమె చేతికిచ్చి, వెలుపల కాపలా కూర్చుంది. నా వైపు చూసిన చూపుకి మాత్రం నేను బకెట్ వదిలేసి వెళ్ళిపోయాను.

ఏడాది తిరిగాక మళ్ళీ సర్వే అన్నారు. డబ్బిచ్చేవాళ్ళు కొత్త నియమం పెట్టారు. సర్వే చేసే నిపుణుణ్ణి ఎంపిక చేసేటప్పుడు గదుల్లో ఉండే ఆడమనిషి ఒకరు బల్ల దగ్గర కూర్చోవాలి, మార్కులు వెయ్యాలి. మా సంస్థ పెద్ద మార్దియా, ఇబు అంటే అమ్మ, ఇబు మార్దియా అంటాం గౌరవంగా, మస్నియా అత్తని పిలిచింది.

ముందురోజు అత్త నన్ను కుళాయి దగ్గర ఆపింది.

"నోరులేని గుమాస్తాగా ఉంటావా రేపు, లేక మామూలుగానా?"

"ఏమైందత్తా?"

"ఇర్దా నాతో ఒక మాటంది. ఈసారి అడిగితే నిజం చెప్పి బయటపడతానంది. లేదా ఇంకెప్పటికీ చెప్పనంది. వచ్చేవాడు ఎవడో దాన్నిబట్టి ఆ పిల్ల బతుకు. అర్థమైందా?"

అర్థమైందన్నాను.

ఆఫీసులో ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. కిటికీలోంచి సముద్రం తెల్లగా, ఎండలో కరిగిపోతున్నట్టు కనబడుతోంది. అత్త శుభ్రమైన ముసుగు వేసుకుని, మార్కుల కాగితాన్ని వేడి గిన్నెని పట్టుకున్నట్టు అంచులతో పట్టుకుంది. అనుభవానికి ముప్పై, పద్ధతికి నలభై, ధరకి ముప్పై.

మొదట జకార్తానుంచి డాక్టర్ విబిసోనో వచ్చాడు. గోడ మీద రంగురంగుల బొమ్మలు వేసి గంటసేపు చెప్పాడు. నాకే మళ్ళీ చదువుకోవాలనిపించింది. చివర్లో అత్త అడిగింది.

"ఒక్కో గడపలో ఎంతసేపు కూర్చుంటారు బాబూ?"

"చాలా తెలివైన ప్రశ్న ఇబు. మా దగ్గర టైం వృథా ఉండదు. ఇబ్బంది లేదన్నవాళ్ళకి పావుగంట. ఉందన్నవాళ్ళకి ఇంకో అరగంట. ఫోనే దానంతటది ప్రశ్నలు తెరుస్తుంది."

అత్త కాగితం మీద గుండ్రంగా ఒక సున్నా చుట్టింది. సున్నా రాయడం వచ్చని అప్పుడే నాకు తెలిసింది.

రెండోవాడు మకస్సార్ కంపెనీ మనిషి. కుర్రవాడు, చురుకు. "ఇబ్బంది ఉందన్న ఆవిడని అక్కడ అడగం. మా కారులో ఆఫీసుకి తీసుకొచ్చి అడుగుతాం" అన్నాడు.

"కారు వరస ముందుకే వస్తుందా?"

"గుమ్మం ముందుకే, ఇబు!"

"ఇంకా నయం, డోలు వాయిస్తామన్లేదు" అని ఇంకో సున్నా చుట్టింది.

మూడో మనిషి ఆలస్యంగా వచ్చింది. పోసోనుంచి, పేరు సెల్వినా. చెప్పులకి బురద. పన్నెండేళ్ళు మంత్రసానిగా చేసి తర్వాత ఈ పనిలోకి వచ్చిందట. బొమ్మలేం లేవు. అత్త అదే ప్రశ్న వేసింది.

"గోడలు ఎలాంటివి అక్కడ?" అని ఎదురడిగింది సెల్వినా.

"చెక్క."

"తలుపులు?"

"తెరిచే ఉంటాయి."

"అయితే ఎంతసేపో మీరే చెప్పండి అక్కా. ఎంత చెప్పినా అందరికీ అంతే. ఏమీ లేదన్న ఇంట్లో కూడా అంతసేపే కూర్చుంటా."

"ఏమీ లేనిదానితో ఏం మాట్లాడతావ్?"

"కూర ఎలా వండిందో అడుగుతా. పిల్లల గురించి అడుగుతా. మాట్లాడనంటే ఊరికే కూర్చుంటా. నా చెప్పులు ప్రతి గడప ముందూ సమానంగా ఎండాలి."

"మధ్యలో మొగుడొస్తే?"

"చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పడం మొదలెడతా. సబ్బు సంచి అందుకే ఉంటుంది. మొగుళ్ళు రెండు నిమిషాలు విని పారిపోతారు."

అత్త నవ్వింది. పళ్ళు కనబడేలా ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. "అన్నం ఉడికి ఉమ్మగిలేంత సేపు కూర్చో" అంది.

మిగతావాళ్ళ మార్కులూ కలిపి లెక్క కూడితే డాక్టరే ముందున్నాడు. సెల్వినా చెప్పిన పద్ధతికి రోజులు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. ఇబు మార్దియా చెడ్డమనిషి కాదు, కాగితానికి జవాబు చెప్పాల్సిన మనిషి.

"సున్నా ఊరికే వేస్తే కుదరదత్తా. కారణం రాయాలి. పెద్దాయనకి సున్నా ఎందుకు?"

అత్త చెయ్యి సరోంగు ముడిలోని తాళాల మీదికి వెళ్ళింది. కారణం చెప్పాలంటే ఏడో గది పేరెత్తాలి. పేరెత్తితే మళ్ళీ అదే తప్పు, ఈసారి ఆమె నోటితో. తాళాలు గట్టిగా పట్టుకుని కూర్చుంది. అంతకుముందు గాని తర్వాత గాని నాకు నా మీద అంత అసహ్యం వెయ్యలేదు.

"కారణం నేను రాస్తాను ఇబు" అన్నాను.

"నువ్వా?"

"పోయిన సర్వేలో చాప ఎంతసేపు పరిచి ఉందో చూసి ఒకడు కాఫీ కొట్టు దగ్గర జోకేశాడు. ఆ ఇంటాయన విన్నాడు. ఆ ఇంటావిడ తర్వాత మూడు వారాలు ఎడమ చెవితో వినలేదు. ఆ జోకేసింది నేను. ఏ ఇల్లో అడక్కండి, చెప్పను. డాక్టర్ గారు వస్తే ఇంకో చాప, ఇంకో వెధవ. అదే కారణం."

ఇబు మార్దియా పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "వరసలు తగ్గించుకుంటే ఈవిడ ఖర్చు సరిపోతుంది" అంది చివరికి. "కారణం నీ మాటల్లోనే రాయి. ఆ వెధవ అన్న మాట తప్ప."

మా వరసే మొదట. సెల్వినా రోజుకి నాలుగు గడపలు చూసేది. ఒక్కో గడపకీ అన్నం ఉడికేంత సేపు. మొదటిరోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండోరోజుకి వరసంతటికీ విసుగొచ్చింది. అదే కావాలి మాకు. ఏడో గది ముందు చాప పడ్డప్పుడు రుస్లీ కాఫీ కొట్టు దగ్గరే ఉన్నాడు.

"ఏంటి తస్రిఫ్ అన్నా, మా ఇంట్లో మళ్ళీ సినిమానా?"

"అన్నిళ్ళలోనూ అదే సినిమా తమ్ముడూ. నిన్న మీ వదిన ముప్పావుగంట మునగాకు కూర గురించే చెప్పింది. కొబ్బరిపాలు ఎప్పుడు పొయ్యాలో నాకిప్పుడు నిద్దట్లో కూడా తెలుసు."

రుస్లీ ఆవలించాడు. లేచి గడప దాకా వెళ్ళాడు. లోపలినుంచి సెల్వినా గొంతు, గోళ్ళ సందుల్లో మురికి ఎలా చేరుతుందో చెబుతోంది. తిరిగొచ్చి కాఫీ పూర్తిగా తాగాడు. నా గుండె అప్పటికి కుదుటపడింది.

నాలుగు రోజులకి ఇర్దా తన బిడ్డని ఆసుపత్రికని తీసుకెళ్ళి మళ్ళీ రాలేదు. ఎక్కడుందో నాకు తెలుసు, ఇక్కడ రాయను. రుస్లీ గది గదికీ తిరిగి ఎవరేం చెప్పారని కేకలేశాడు. అందరి దగ్గరా ఒకటే జవాబు: మమ్మల్నీ అంతసేపే కూర్చోబెట్టిందిగా! పట్టుకోవడానికి అతనికి ఏమీ దొరకలేదు.

పన్నెండో గది మాత్రం మిగిలిపోయింది. అడిగినప్పుడల్లా అత్త వాయిదా వేసేది. "నాదేముందమ్మా, మొగుడే లేడు. ముందు మిగతావాళ్ళవి కానీ." సెల్వినా మిగిలిన వరసలన్నీ ముగించుకుని ఆఖరి రోజు వచ్చింది.

"మీ గడప మిగిలింది అక్కా."

"ఏమీ లేదని రాసుకో."

"రాసుకుంటా. అయినా అంతసేపూ కూర్చోవాలి. నియమం మీరే పెట్టారు."

అత్త నిట్టూర్చి పచ్చ గ్యాసు బుడ్డి తిప్పి, పొయ్యి మీద అన్నం పడేసి, చాప పరిచింది. మధ్యాహ్నం ఎండ. నేను కుళాయి కింద బిందెలు నింపుతున్నాను. నీళ్ళ చప్పుడులో మాటలు వినబడవు, వినాలని నేనూ అనుకోలేదు. కొండల మీదినుంచి వేడిగాలి వచ్చి ఆరేసిన బట్టలన్నిటినీ ఒక పక్కకి లేపింది. కాసేపు లోకమంతా కదలకుండా నిలబడ్డట్టనిపించింది. అప్పుడు వాసన తగిలింది. ముందు నమ్మలేదు. తర్వాత వరసలో ఒక్కొక్కరే తలలు బయటపెట్టారు.

అన్నం మాడుతోంది. పన్నెండో గదిలో.

ఎవరూ వెళ్ళలేదు. వేళ కాగానే సెల్వినా బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంది. కుళాయి కింద ముఖం కడుక్కుని వెళ్ళిపోయింది. నేను బిందె పట్టుకుని అత్త గడప దగ్గరికి వెళ్ళాను. ఆమె గిన్నె దింపుకుని దాని ముందు కూర్చుంది.

"అన్నం మాడిందత్తా."

"మాడనీ. మాడితే చెయ్యి విరిచేవాడు లేడుగా."

బిందె ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఆమె మణికట్టు వంక చూశాను. ఇన్నాళ్ళూ రోజూ చూసిన మణికట్టే.

"ఆ కల చెప్తే మీరంతా అయ్యో అనేవాళ్ళు" అంది అత్త, గిన్నెలో గరిటె తిప్పుతూ. "ఇల్లు వెళ్ళిపోతోందని నాకు ఏడుపు వచ్చేది కాదు తస్రిఫూ. ఎక్కడైనా ఆగిపోతుందేమోనని భయం వేసేది."

తర్వాత రెండు పళ్ళేలు తెచ్చింది. అడుగు మాడు గీకి నాకింత వేసి, తనకింత వేసుకుంది. మునగాకు కూర కలుపుకుని ఇద్దరం తిన్నాం.