"పిల్లను బడికి తోలవా?"

దసరా సెలవులు అయిపోయి మా కర్మన్‌ఘాట్ వీధిలో పిల్లలంతా మళ్లీ స్కూలు బస్సులెక్కారు. మా అమ్మాయి మైత్రికి మాత్రం ఇంట్లో నేనే చదువు చెబుతాను. ఈ రోజు భిన్నాల పాఠం. కిచిడీకి గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు దానిచేతే కొలిపించి, కలపమని గరిటె ఇచ్చాను.

అప్పుడే పై పోర్షన్ యాదమ్మగారు కరివేపాకు కోసం వచ్చారు. నల్గొండ వైపు పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ. పొయ్యి దగ్గర మైత్రిని చూడగానే ఆవిడకు కోపం వచ్చింది.

"ఏందమ్మా గిది? బడికి తోలకుండ పిల్లతోని వంట చేపిస్తున్నవా?"

"ఇదీ చదువేనండీ" అన్నాను నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు.

"మా నాయన గూడ గట్లనే అన్నడు. ఆడపిల్ల ఇంట్లనే అన్నీ నేర్చుకుంటదని బడి మాన్పిచ్చిండు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ పోవాలన్నా, బస్సు మీద ఏం రాసుందో ఎవర్నన్న అడగాలె."

మైత్రి గరిటె పక్కన పెట్టి, కథల పుస్తకం తెచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "నేను చదువుతాను, వినండి అమ్మమ్మా" అని మొదలుపెట్టింది. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కథంతా విన్నారు.

వెళ్తూ దాని తల నిమిరి, "మంచిగ చదువుతున్నవ్ బిడ్డా" అన్నారు. గుమ్మం దగ్గర ఆగి నాతో, "అయినా బడికి తోలు" అన్నారు.

ఇంట్లో చదువేమిటన్న చుట్టాలందరి నోళ్లూ మూయించాను గానీ, ఈవిడకేం చెప్పాలో తెలియలేదు. మీరైతే ఏం చెబుతారు?