పాత లెన్స్ ముందు కూర్చున్నవాళ్లు

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు నవ్వొచ్చేది. ఫొటోలు తీసేదాన్ని కదా, వింతగా ఏది కనిపించినా ముందు వెలుగు ఎటు నుంచి పడిందో చూస్తాను. ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

హిందూపురంలో నేనూ, నా కాలేజీ స్నేహితురాలు సరళా కలిసి చిన్న స్టూడియో నడిపేవాళ్లం. ధర్మవరంలో మూతపడిన ఒక స్టూడియో సామాన్లు అమ్ముతున్నారంటే వెళ్లి, రీలు కెమెరాల కాలం నాటి లెన్సొకటి తెచ్చాను. మధ్యలో జోడించే రింగు వేసి మా కెమెరాకు బిగించాను. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. కళ్లు స్పష్టంగా పడి, మిగతాదంతా మెత్తగా కరిగినట్టుండేది. ముఖాలు తీసేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

కొన్నాళ్లకు ఒకటి గమనించాను. ఆ లెన్స్‌తో తీసిన ప్రతి ఫొటోలోనూ మనుషులు గడ్డం కాస్త ఎత్తి, ముఖం ఎడమకు తిప్పి ఉండేవారు. పట్టుచీరలో పెళ్లికూతురైనా, రిటైరైన మాస్టారైనా అదే తీరు. ఎట్లా కూర్చుంటే అట్లాగే తీయడం నా పద్ధతి. నేనెవరికీ ఏమీ చెప్పను.

పెనుకొండ నుంచి వచ్చినామెను అడిగితే, "మీరే కదా మేడం తిప్పమంటిరి" అంది.

నాకు సరళ మీద అనుమానం వచ్చింది. పాత లెన్స్ వద్దని మొదటి నుంచీ అంటున్నది తనే. వచ్చినవాళ్లకు మేకప్ సర్దేదీ తనే. అక్కడే చెవిలో చెప్పి పంపిస్తోందనుకున్నాను.

అందుకే రొద్దం దగ్గర పల్లెకు తనకు చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్లాను. ఒక రైతు వాళ్లమ్మ ఫొటో కావాలన్నాడు. ఆ అవ్వకు ఏళ్లుగా చెవులు వినపడవు. కొడుకే సైగలు చేసి వసారాలో కూర్చోబెట్టి, నా పక్కకొచ్చి నిలబడ్డాడు. పొద్దుటి వెలుగు బాగుంది. నేను నోరు తెరవలేదు. ఫోకస్ తిప్పుతుండగానే అవ్వ గడ్డం ఎత్తింది. ముఖం ఎడమకు తిప్పి ఊపిరి బిగబట్టింది.

ఎందుకట్లా తిరిగావని కొడుకు సైగ చేశాడు.

"ఈ పాపే కదరా తిరుక్కోమనె. బాగా ఇనపడె నాకు" అని అవ్వ నన్ను చూసి నవ్వింది. అంత సంతోషంగా నవ్వింది.

కొడుకు నవ్వలేదు. "నువ్వేం అన్లేదు కదమ్మా" అన్నాడు. లేదన్నాను. "ఫొటో వద్దులేమ్మా" అని తల్లిని లేపి లోపలికి తీసుకుపోయాడు.

తిరిగొచ్చి సరళను నిలదీశాను.

"నా మిందనా నీకు అనుమానం?" అని తను వెళ్లి స్టూలు మీద కూర్చుంది. "తియ్యి. నేను కదిలితే అడుగు."

నా ఫోన్‌లో వీడియో ఆన్ చేసి పక్కన పెట్టాను. మాట బయటికి రాకుండా చున్నీ కొంగు పళ్ల మధ్య బిగించి కెమెరాలో చూశాను. సరళ గడ్డం మెల్లగా పైకి లేచింది. షట్టర్ నొక్కి, వీడియో ఆపి అడిగాను.

"ఎందుకెత్తినావు?"

"నువ్వే ఎత్తమంటివి కదమే."

ఇద్దరం కూర్చుని వీడియో విన్నాం. ఫ్యాను చప్పుడు, షట్టర్ చప్పుడు, అంతే. సరళ నా వైపు ఎప్పుడూ చూడని చూపు చూసింది.

"నీ మాట యాడ తీసేసినావు ఇందులో?" అంది.

తీసేయలేదని ఒట్టేశాను. "అయితే నువ్వు కూర్చో. నేను తీస్తా" అంది. నేను కూర్చోలేదు. అంతటితో గుట్టంతా నాదేనని తను ఖాయం చేసుకుంది. ఇప్పుడు ధర్మవరంలో విడిగా పని చేసుకుంటోంది. ఫోన్ చేస్తే ఎత్తదు.

ఇదంతా తనే ఆడించిందేమోనని నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది. మరి ఆ అవ్వ సంగతేమిటి? ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు తెగలేదు. ఆ రోజు స్టూలు మీద నేను కూర్చుని, కెమెరా వెనక సరళ నోరు మూసుకుని నిలబడి ఉంటే, నాకు ఎవరి గొంతు వినపడి ఉండేదో తెలియదు.