శ్రుతి పట్టి కొలిచిన హారన్

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో ప్రొద్దుటూరులో నాకు మైకుసెట్టు అంగడి ఉండేది. అంగడి అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక ఆంప్లిఫయర్, ఒక మైకు, పాట ఊరంతా వినిపించే గరాటు లాంటి హారన్ ఒకటి, వీటన్నిటికీ మించి నా కోపం. అదే సరంజామా.

పులివెందులలో ఒక పెళ్లికి మైకు పెడతానని ఒప్పుకున్నాక, హారన్ వెనక బిగించే, చప్పుడు పుట్టించే యూనిట్ కాలిపోయింది. కాయిల్ కొత్తగా చుట్టించాను. చుట్టినాయన చేతికందిన తీగ వాడాడు, దాని ఇంపెడెన్స్, అంటే పాట మోసుకొచ్చే కరెంటుకు అది పెట్టే అడ్డు, ఎంతో ఆయనకూ తెలియదు. తెలుసుకోకుండా తగిలిస్తే ఈసారి ఆంప్లిఫయరే కాలిపోవచ్చు. అది పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

మామూలు మీటరు బ్యాటరీ కరెంటుకు కాయిల్ ఎంత అడ్డుపడుతుందో చెబుతుంది గానీ, పాటకు ఎంత అడ్డుపడుతుందో చెప్పదు. అందుకని ఒక చెక్క మీద నేనే ఒక ఏర్పాటు చేసుకున్నాను. యూనిట్‌కు వరుసలో, తిప్పితే పెరిగి తగ్గే రెసిస్టెన్స్ ఒకటి బిగించాను. సౌండు బాగా తగ్గించి, రెండింటి మీదా మీటరు పెట్టి చూస్తూ, వోల్టేజీ సమానమయ్యేదాకా దాన్ని తిప్పాలి. అప్పుడు ఆ రెసిస్టెన్స్ ఎంతో, యూనిట్ ఇంపెడెన్స్ కూడా అంత. కానీ మీటరు ముల్లు నిలవాలంటే మైకులోకి ఒకే స్వరం హెచ్చుతగ్గుల్లేకుండా పోవాలి. నేను గొంతెత్తి అరిచాను. ముల్లు తైతక్కలాడింది. హార్మోనియం అడిగి తెచ్చి నా భార్య చేతికిచ్చాను. తిత్తి కొట్టినప్పుడల్లా ముల్లు ఎగిరింది. ఆమె మీద కేకలేశాను.

"ముల్లు నిలవకుంటే నన్నంటావేంది? జమ్మలమడుగు మేళంలో మామ ఉండాడు గదా, పిల్చుకోనిరా పో" అంది.

ఆ మామ మాకు చుట్టం కాదు, వరస కలిపి పిలుచుకునే ముస్లిం పెద్దాయన. సన్నాయి మేళంలో పాట వాయించేవాళ్లు ముందు కూర్చుంటే, ఆయన వెనక కూర్చుని శ్రుతి సన్నాయి పట్టేవాడు. పెళ్లి అయ్యేదాకా ఒకటే స్వరం. బుగ్గల్లో గాలి నింపుకుని, ముక్కుతో పీలుస్తూనే నోటితో ఊదుతాడు, కాబట్టి ఆ స్వరం తెగదు. నేను ఒప్పుకున్న పులివెందుల పెళ్లికీ ఆ మేళమే.

కబురు పెడితే బస్సెక్కి వచ్చాడు. "పాట ల్యాకుండా ఉత్త శ్రుతికి నన్ను పిల్చినోడివి నువ్వేనప్పా" అని నవ్వాడు.

హారన్ చప్పుడు మళ్లీ మైకులో పడితే కూత పెడుతుంది గనుక, మైకుతో సహా ఆయన్ను వంటింట్లో కూర్చోబెట్టి తలుపు వేశాను. ఊదాడు. ముల్లు లేచి, లేచిన చోటే నిలబడింది. తిప్పాను, చూశాను, మళ్లీ తిప్పాను. రెండూ సమానమయ్యాయి. ఆ లెక్కకు ఆంప్లిఫయర్ వెనక ఒక్కో ఇంపెడెన్స్‌కు ఒక్కటిగా ఉండే కొసల్లో దేనికి వైరు తగిలించాలో తెలిసిపోయింది. సంతోషంలో ఆయన్ను ఆపమనడమే మరిచిపోయాను. నేను తలుపు తీసేదాకా ఆయన మాత్రం ఊదుతూనే ఉన్నాడు.

"నీకేం ఇయ్యాల మామా?" అన్నాను.

"ఏమొద్దుగానీ అప్పా, మైకెప్పుడూ ముందరోళ్లకే పెడతారు. నా శ్రుతి హారన్లో ఎట్లుంటాదో ఒకసారి వినాలని శానా ఆశ."

పెళ్లినాడు పొద్దున్నే హారన్ మిద్దె మీద కట్టాను. ఆంప్లిఫయర్ చల్లగా, బుద్ధిగా పనిచేసింది. దాని మీద చెయ్యి పెట్టి చూసినప్పుడల్లా నా మనసు ఆయనకు దండం పెట్టింది, ఇప్పటికీ పెడుతోంది. మేళం మొదలు కాకముందే మైకు తీసుకెళ్లి మామ ముందు పెట్టాను. వీధి వీధంతా ఆ ఒక్క స్వరం నిండిపోయింది.

పెళ్లికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు. "ఏందప్పా, నీ మైకు గూ అంటాండాది? చెడిపోయిందా ఏంది? నిలిపెయ్!"

నా కోపం ఆ రోజు సరైన పనికి వచ్చింది. "చెడిపోల్యా! మా మామ వాయిస్తాండాడు. రోంతసేపు ఇనండి!" అని అరిచాను.

నవ్వితే శ్వాస తెగుతుంది గనుక మామ నవ్వలేదు. కళ్లు మిద్దె మీది హారన్ వైపు ఎత్తి, వింటూ, ఊదుతూనే ఉన్నాడు.