రెండో పిలుపు

ఒల్షింకి ఊరికి లుడ్వికా పదకొండేళ్లుగా పెద్ద. పెద్దరికం అని పేరే గానీ, అది తిట్లు తినే ఉద్యోగం. మంచు కురిసి దారి మూసుకుపోయినా ఆమెదే తప్పు, బస్సు రాకపోయినా ఆమెదే తప్పు. సైకిలెక్కి ఇంటింటికీ తిరుగుతూ ఆ తిట్లన్నీ నవ్వుతూనే పుచ్చుకునేది.

ఆ ఏడు పక్కనున్న నగరానికి బస్సుల డిపో కట్టుకునే చోటు కావలసి వచ్చింది. నగరమూ, ఈ ఊళ్లను చూసుకునే మండలమూ కూర్చుని మాట్లాడుకున్నాయి. ఏటి పక్క ఉమ్మడి గడ్డిబీడు నగరానికి, బదులుగా బస్సూ మురుగు కాలువా ఊరికి అని ఒప్పందం. ఏరు పొంగితే ఆ నీళ్లన్నీ బీడులోకే పోతాయి, అందుకే ఇళ్లు మునగడం లేదు. అక్కడ సిమెంటు పోస్తే నీళ్లెటు పోతాయి? లుడ్వికాకు అన్నం సయించలేదు. బీడును ఆనుకున్న మొదటి ఇల్లు ఆమెదే మరి.

ఊరి సభ వద్దంటే సంతకం పెట్టనని మండలాధికారి మాటిచ్చాడు. ఆ మాట మీదే ఆమె ప్రాణం నిలుపుకుంది.

సభ ఫైరింజను షెడ్డులో. నగరం నుంచి ఒకాయన, మండలం నుంచి ఒకావిడ వచ్చి మర్యాదగా టీ తాగుతున్నారు. కుర్చీలు మాత్రం ఐదు తప్ప అన్నీ ఖాళీ. మిగతా ఊరంతా బయట వాకిట్లోనే నిలబడింది. లుడ్వికా బయటికి పరుగెత్తింది.

"జెనాన్ బాబాయ్, లోపలికి రా. నీకు దండం పెడతా!"

"ఎందుకే? కోరానికి సరిపడా జనం లేందే సభ లేదు. సభ లేకపోతే బీడు జోలికి ఎవడొస్తాడు?" అన్నాడు ముసలి జెనాన్, పొగ వదులుతూ.

"అది మొదటి పిలుపుకే! అరగంట ఆగి రెండోసారి పిలిస్తే ఎంతమందుంటే అంతమందితోనే చెల్లుద్ది. నీకు తెలీదా?"

"పంపు బాగుచేయించే సభకైతే చెల్లుద్ది. భూమికి చెల్లదంట. అందరూ అంటున్నారు."

"అందరూ అంటే ఎవరు?"

"మమ్మల్ని లోపలికి లాగాలని నీకింత తొందరేంటే? నగరపోళ్లు నీకేం పెట్టారు?"

వెనక నుంచి నవ్వులు. లుడ్వికాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లూ ఆమెను నమ్మిన మనుషులు సరిగ్గా ఈవేళే నమ్మడం మానేశారు.

అరగంట గడిచింది. "సభ వాయిదా వేద్దామండీ," అని లుడ్వికా లోపలికెళ్లి వచ్చిన ఇద్దరినీ బతిమాలింది.

"మీరు మొదలుపెట్టకపోతే నేను మొదలుపెడతానమ్మా," అంది మండలం ఆవిడ మెత్తగా.

లోపలున్నది రోజూ నగరానికి పనికి పోయే ఐదుగురు. బస్సు వాళ్లకు అవసరమే, వాళ్ల తప్పేమీ లేదు. ఐదుగురూ బీడు ఇచ్చేయమని చెయ్యెత్తారు. వద్దని లేచింది లుడ్వికా చెయ్యి ఒక్కటే.

ఆమె బయటికొచ్చేసరికి వాకిట్లో చప్పట్లు కొడుతున్నారు.

"చూశావుగా పిల్లా! సభ జరగలేదు," అన్నాడు జెనాన్ ఉషారుగా.

"జరిగింది బాబాయ్. బీడు పోయింది."

ఆమె మొహం చూసి, అబద్ధం చెప్పడం లేదని జెనాన్ అప్పుడు నమ్మాడు. సిగరెట్టు కింద పడేసి, "పదండ్రా, పోయి చెయ్యెత్తుదాం," అంటూ షెడ్డు వైపు నడిచాడు.

లోపల కుర్చీలు మడతపెడుతున్నారు.