తూర్పు ముఖం ఇంటికి స్తోత్రం

నేరేడ్‌మెట్‌లో ఫ్లాట్ కొన్నాక ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. ఇల్లు కొంటే చర్చి సంఘంలో పదిమందినీ పిలిచి, ప్రార్థన చేయించి, బిర్యానీ పెట్టి పంపడం మావాళ్ళ ఆనవాయితీ. ముందుగా ఇంటివాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడమన్నమాట.

అమ్మ నన్ను ఒక్కటే అడిగింది.

"గా రోజు పాట నువ్వే అందుకోవాలె బిడ్డా. మీ నాయిన పోయిన్నాడు పాడినవ్ సూడు, గదే. నాకింకేం వద్దు."

అప్పుడు చిలకలగూడలో ఒంటి గదిలో ఉండేవాళ్ళం. ఏడ్చే ఓపిక కూడా లేని అమ్మ పక్కన కూర్చుని ఆ పాట పాడాను. ఆ పాట పట్టుకునే ఆమె మళ్ళీ లేచి నిలబడింది. ఇప్పుడు ఆమె అడుగుతుంటే నేను ఫోన్‌లో టైల్స్ అతనితో గొడవపడుతున్నాను. సరే సరే అని తల ఊపాను.

సాక్ష్యం మాత్రం ఎంఎంటీఎస్ రైల్లో ఆఫీసుకి వెళ్తూ వస్తూ బట్టీ పట్టాను.

దేవుడు ఇల్లిచ్చాడన్నాను. హాలంతా "స్తోత్రం" అంది. మాడ్యులర్ కిచెన్ ఇచ్చాడన్నాను, రెండు బాల్కనీలిచ్చాడన్నాను. స్తోత్రాలు పలచబడ్డాయి. ఊపులో ఉన్నదాన్ని, నాకేం తెలుస్తుంది? "ఈస్ట్ ఫేసింగ్ దొరకడం సుత ఆయన కృపే" అనేశాను. క్రైస్తవురాలినై ఉండి వాస్తు చూసుకుని కొన్న సంగతి నా నోటితోనే బయటపెట్టుకున్నాను. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. వెనకెవరో దగ్గారు.

"పాట పాడమ్మా" అన్నారు పాస్టరు గారు, నన్ను గట్టెక్కించడానికి.

పల్లవి వచ్చింది. చరణం రాలేదు. మళ్ళీ పల్లవే పాడాను. అయినా రాలేదు. ఎంత తడుముకున్నా ఏ గదికి ఏ రంగు వేయించానో గుర్తొస్తోంది గానీ, పాటలో ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కుర్చీలోంచి అమ్మ అందుకుంది. గొంతు వణుకుతున్నా ఒక్క మాటా తప్పలేదు. పాడినంతసేపూ నా వైపు చూడలేదు, నేను చిన్నబోతానని. ఆవిడ ఒక్క చూపు చూసి కసురుకున్నా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

బిర్యానీలయ్యాయి. ఆడవాళ్ళు కిచెన్ చూస్తామంటే చూపించాను. ఏ అల్మారా తలుపు తీస్తున్నా నాకు ముఖం చెల్లలేదు.

అందరూ వెళ్ళాక అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"యాదికి రాలేదమ్మా."

"ఎట్లొస్తది బిడ్డా? పాడుకుంటుంటే గద యాదుండేది."

కోపంగా అనలేదు. అందుకే ఏడుపొచ్చింది.

"మళ్ళీ నేర్పవా?"

"ఇప్పుడా? సింకు నిండా గిన్నెలున్నయ్ గదనే."

"ఉండనీ."

అమ్మ ఒక్క ముక్క పాడి ఆగింది. ఆ ముక్క పట్టుకుని నేనూ పాడాను.