ఉప్పు పట్టించిన గుమ్మడికాయ

నా చిన్నప్పుడు మేము బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో ఉండేవాళ్లం. అప్పటికి ఊళ్లోకి కరెంటు రాలేదు. అమ్మానాన్నా లేని నన్నూ తమ్ముణ్ణీ మా అమ్మమ్మే పెంచింది. నాకు పదేళ్లు, వాడికి ఐదు.

క్రిస్మస్‌కు పది రోజుల ముందు వాడికి జ్వరం పట్టుకుంది. కాంపౌండరుగారి మందుకు తగ్గలేదు. బందరు బజారులో అమ్మే కాగితపు నక్షత్రం కావాలని వాడు ఏడిస్తే, కొనడానికి డబ్బుల్లేక అమ్మమ్మ పాక మీద కాసిన గుమ్మడికాయ కోసి నా చేతికిచ్చింది. లోపల దీపం పెట్టేందుకు పైన మూతలా కోసి, గుజ్జు గీరి, వెలుగు కనబడేలా పక్కన నక్షత్రం చెక్కాను.

“వెలిగించవే అక్కా,” అన్నాడు వెంటనే.

“సెగకు మెత్తబడి కుళ్లిపోతుందిరా. పండగ రోజున వెలిగిద్దాం,” అన్నాను.

లోపల పొడిగుడ్డతో తుడిచి, బూడిద రుద్ది, నీడలో గాలికి పెట్టమంది అమ్మమ్మ. నాకు నమ్మకం కుదరలేదు. మా ఇళ్లలో ఏది నిలవ ఉండాలన్నా ఉప్పే. ఉప్పు పట్టిస్తే చేప నెలల తరబడి ఉంటుంది, కాయ వారం రోజులు ఉండదా అనుకున్నాను. రాళ్లుప్పు దండిగా రుద్ది ఉట్టిలో దాచాను. వాడు రోజూ అడిగాడు. నేను రోజూ పండగ పేరే చెప్పాను.

నాలుగో రోజు దించి చూస్తే కాయంతా నీరు కారి, నక్షత్రం లోపలికి వాలిపోయింది.

“చేపనుకున్నావే దాన్ని? పులుసు పెడదామనా?” అంది అమ్మమ్మ. అంటూనే మంచం వైపు చూసింది. ఆ పొద్దుటి నుంచి తమ్ముడు కళ్లు తెరవడం లేదు.

ఆమె నీళ్లు వంపేసి, కాయ తుడిచి, బూడిద అద్ది, వాలిన నక్షత్రానికి ఈనెపుల్లలు ఊతం పెట్టింది. పట్టపగలే లోపల ప్రమిద వెలిగించి, వాడి చేతిని ఆ వెచ్చదనం దగ్గరకు తీసుకెళ్లింది.

“పండగొచ్చిందా?” అన్నాడు, కళ్లు తెరవకుండానే.

“వచ్చింది నాన్నా,” అంది, ఎన్నడూ అబద్ధమాడని మా అమ్మమ్మ.

మర్నాడు వాణ్ణి ప్రభువు తీసుకున్నాడు. పండగ ఆరాధనకు అమ్మమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

ఇప్పుడు ఎవరికి ఏది ఇవ్వగలిగినా అడిగిన పూటే ఇచ్చేస్తాను. అది మంచితనమని మా సంఘంవాళ్లు అనుకుంటారు. మందిరంలో పాపాలు ఒప్పుకునే ప్రార్థనకు అందరూ తలలు వంచినప్పుడు, నేను ఆ నాలుగు రోజులనే చెప్పుకుంటాను. ఆయన ఎప్పుడో క్షమించాడని నమ్ముతున్నాను. ఆ క్షమాపణను చెయ్యి చాచి అందుకోవడమే నాకింకా చేతకావడం లేదు.